రంగము: బర్మాలో జపాను దొరతనమును తెలుఁగువారి గతియు

హైదరాబాదునకు పడమట రాయదుర్గమను గ్రామముండెను. నేఁడది హైటెక్ సిటీ గాజుమేడలలోఁ గలసిపోయినది. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను భవనము వెలసినది మొదలు ఆ ప్రాంతపు రాతిగుట్టలు కార్యాలయములైనవి. సముద్రముల కావలి దేశముల కొలువులను మన యువకులు ఇచ్చటనే కూర్చుండి చేయుచున్నారు. ఆ మేడలకు చేరువనే హుస్సేన్ షా వలీ దర్గా కలదు. దర్గా ప్రాంతమున సఫ్రానీ పేరిట నొక స్మారక పాఠశాల వెలసినది. ఆ త్రోవను నిత్యము పోవువారిలో ఈ సఫ్రానీ యెవ్వరని యడుగువారు అరుదు. అడిగి యా పేరు వెంటఁ బోయినచో, 1942 మొదలు 1945 వఱకు బర్మాదేశము నేలిన జపాను సామ్రాజ్యము కడకుఁ జేరుదుము. అచ్చటినుండి మఱి రెండడుగులు వేసినచో మన తూర్పుతీరపు గ్రామములకే మఱలి వత్తుము. ఆ దొరతనము తెలుఁగువారి కేమి చేసెను, చేసినది మన చరిత్రపుస్తకముల కెందులకు ఎక్కలేదు, అను రెండు ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్పఁ బ్రయత్నింతును.

సఫ్రానీ యను పేరు

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదున జన్మించెను. ఇంజనీరు విద్యకై జర్మనీకిఁ బోయి, అచ్చట సుభాస్ చంద్ర బోసునకు కార్యదర్శి యయ్యెను. "జైహింద్" అను నమస్కారవచనమును కల్పించినవాఁ డితఁడే యని ప్రసిద్ధి. 1943 ఫిబ్రవరిలో బోసుతోఁ గూడ జర్మనుల జలాంతర్గామి నెక్కి, ఏప్రిలు చివర మడగాస్కరు సమీపమున నడిసముద్రమున జపానువారి జలాంతర్గామిలోనికి మాఱి, సుమత్రా చేరెను. పతాకపు రంగును గూర్చి హిందూ ముస్లిములకు వివాదము కలిగి సమసిన పిమ్మట, ఆ సామరస్యమునకు గుఱుతుగా కుంకుమపువ్వు వన్నెను దెలుపు "సఫ్రానీ" శబ్దమును తన పేరునకుఁ జేర్చుకొనెను. 1944లో ఇంఫాలు దండయాత్రయందుఁ బాల్గొని, ఓటమితో మఱలిన సైనికుల కష్టములను పిమ్మట నొక రచనలోఁ జెప్పెను. స్వాతంత్ర్యానంతరము భారత విదేశాంగ కొలువులోఁ బనిచేసి, విరమించి, హైదరాబాదునందే స్థిరపడి, 1984లో మృతి నొందెను. ఆయన సోదరుని కూఁతురు సురయ్యా హసన్ బోస్ ఆ దర్గా ప్రాంతముననే మగ్గములు నిలిపి ప్రాఁత నేఁతలకు మఱల ప్రాణము పోసిరి. ఆమె 2021లో గతించిరి.

ఇట్టి దేశభక్తులకు జపాను ఆంగ్లేయుల శత్రువు, కావున మిత్రము. ఆసియా ఆసియావారికే యను జపానువారి మాటను వారు స్వాతంత్ర్యమునకు సాధనముగాఁ గొనిరి. 1944 జనవరిలో ఆజాద్ హింద్ ప్రభుత్వపు ముఖ్యస్థానము సింగపూరునుండి రంగూనునకు మాఱెను. అదే రంగూనును అంతకు రెండేండ్లకు ముందు తెలుఁగు కూలీలు వేలకొలఁదిగా విడిచి పాఱిపోయి యుండిరి. వారు పాఱిపోయినదియు జపాను సేనకు వెఱచియే. ఒక కథను మన బాలురు పాఠములలోఁ జదువుచున్నారు. రెండవ కథ యే పాఠమునను లేదు. రెండును గలిపి చదివినఁ గాని ఆ దొరతనమెట్టిదో తెలియదు.

పేర్లు

రెండవ కథకు ముందుగాఁ గొన్ని పేర్లు తెలియవలెను. ఉత్తరాంధ్రమున పెద్దల వాడుకలో రంగూను పేరు "రంగము". రంగము పోయినాఁడన్న బర్మాకు కూలికిఁ బోయినాఁడని యర్థము. బర్మాలో తెలుఁగువానికిఁ గలిగిన పేరు "కోరంగి". గోదావరి సాగరసంగమమున, కాకినాడ చెంత నున్న కోరంగి రేవునుండి పూర్వము ఓడలు పోవుచుండుటచే రేవు పేరే జనుల పేరయ్యెను. 1839 నవంబరున ఉప్పెన వచ్చి ఆ రేవును పాడుచేసినది. తరువాత ఓడలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి పోయెను. అయినను పేరు మాఱలేదు. కోరంగిని కన్నులఁ జూడని శ్రీకాకుళపు కాఁపును రంగూనులో కోరంగియే. బర్మావారి భాషలో పడమటినుండి వచ్చినవారందఱును "కలా"లు. మలయాలో దక్షిణదేశపువారందఱును "క్లింగు"లు. ఇది కళింగశబ్దభవమని పండితుల మతము. దిగువ బర్మాలోని మోనులకుఁ గల "తలైంగు" అను పేరును తెలింగశబ్దమునుండి కొందఱు సాధించిరి, మఱికొందఱు త్రోసిపుచ్చిరి. ఆ చర్చ యట్లుండనిండు.

శబ్దశాస్త్రజ్ఞులకు ఈ పేర్లు వినోదకరములు. కాని వీనివలన నొక యనర్థము కలిగినది. సముద్రము దాఁటిన తెలుఁగువాఁడు తన భాష పేరిట లెక్కింపఁబడుట మానెను. ఒకచో రేవు పేరిట, ఒకచో పొరుగువారి పేరిట, ఒకచో కేవలము భారతీయుఁడనియు వ్రాయఁబడెను. ఆపద వచ్చినప్పుడు చచ్చినవాఁడు ఎవఁడో చెప్పుటకు గుఱుతు లేకపోయెను.

యుద్ధమునకుఁ బూర్వము

1931 జనాభా లెక్కలలో బర్మాయందలి భారతీయులు 10 లక్షలకు మించి యుండిరి. రంగూను జనసంఖ్య 4 లక్షలు. అందు సగమునకు మించి భారతీయులే. దేశమంతటను తెలుఁగు మాటలాడువారు సుమారు లక్షన్నర. రేవున బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలోఁ బనిచేయుట, రిక్షా లాగుట, వీథులు శుభ్రపఱచుట వీరి పనులు. వీరిని తెచ్చినవాఁడు మేస్త్రి. ఈ మాట పోర్చుగీసువారినుండి మనకు వచ్చినది. మేస్త్రి గ్రామమున బయానా యిచ్చి, ఓడకిరాయి తాను పెట్టుకొని, రంగూనులో కూలి చేతికందకముందే దానిలోనుండి తన సొమ్ము తీసికొనుచుండెను. అప్పు తీఱువఱకు కూలివాఁడు వాని చేతిలోని వాఁడే. అప్పు తీఱినవాఁడు ఇంటికి వచ్చి, పొలము పుట్రలు చూచుకొని, మఱల నోడ యెక్కుచుండెను. కావున ఈ జనులు పూర్తిగా బర్మావారును గారు, పూర్తిగా బర్మాను విడిచినవారును గారు.

బర్మీయులకు వీరిపైఁ గల కినుకకు జపానువారు కారణము కారు. ఆంగ్లేయుల యేలుబడిలో భూమి చెట్టియార్ల తాకట్టునకుఁ బోయినది, కూలిపని పరదేశుల చేతికిఁ బోయినది, బర్మీయునకు తన దేశముననే చోటు తగ్గినది. 1930 మే నెలలో రంగూను రేవునందు తెలుఁగు కూలీలు సమ్మె కట్టిరి. ఓడల యజమానులు వారికి మాఱుగా బర్మీయులను పనిలోఁ బెట్టుకొనిరి. సమ్మె తీఱఁగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. మే 26వ తేది మొదలు జరిగిన కొట్లాటలలో నూర్లకొలఁది గాయపడిరి, నూఱుమందికిఁ బైగా చచ్చిరి. వారిలోఁ బెక్కుమంది తెలుఁగువారు. లాభము యజమానునిది, చావు ఇరుపక్షముల కూలివానిది. 1937 ఏప్రిలు 1న బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. 1938లో మఱల అల్లరులు చెలరేఁగెను. జపాను సేన వచ్చునాఁటికి ఎండుకట్టెలు పేర్చియే యుండెను.

1942వ సంవత్సరము

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై మొదటిసారి బాంబులు వేసెను. విమానములను వింతగాఁ జూచుచు వీథులలో నిలిచినవారు చాలమంది చచ్చిరి. రేవు కూలీలు ఊరు విడిచి ప్రోము దారిని నడువసాగిరి. రేవున సరకు దింపువారు లేకున్న యుద్ధము సాగదు గావున ప్రభుత్వము వారిని నచ్చఁజెప్పి కొందఱిని వెనుకకు మఱల్చెను. మఱలినవారు రెండవసారి బయలుదేఱునప్పటికి ఓడలలోఁ జోటు లేదు. 1942 మార్చి 8న జపాను సేన రంగూనునఁ బ్రవేశించెను.

తరువాత నడకయే మిగిలినది. ప్రోమునుండి తౌంగుప్ కనుమ దాఁటి అరకాను తీరమునకు ఒక దారి. చింద్విన్ నది వెంట తాము మీఁదుగా ఇంఫాలునకు మఱొక దారి. అన్నిటికంటె ఘోరమైనది హుకాంగ్ లోయ గుండ అస్సామునకుఁ బోవునది. మే నెలలో వానలు పట్టిన తరువాత ఆ దారిని బయలుదేఱినవారిలో మలేరియాకును బురదకును బలియైనవారు లెక్కలేరు. తెల్లవారికిని తక్కినవారికిని దారులును వసతులును వేఱుగా నేర్పఱుపఁబడినవని నాఁడే ఫిర్యాదులు వచ్చెను. భూమార్గమున సుమారు 4, 5 లక్షలమంది భారతీయులు బయలుదేఱిరనియు, వారిలో చచ్చినవారు 10,000 మొదలు 50,000కు మించి యుందురనియు అంచనాలు కలవు. ఈ రెండు సంఖ్యలకు నడుమ నున్న దూరమునే చదువరులు గమనింపవలెను. నలువదివేల ప్రాణములు ఉన్నవో లేవో చెప్పలేని లెక్క యది. అందు తెలుఁగువారెందఱని వేఱుగా నెవ్వరును వ్రాయలేదు.

నడచినవారు ఇంకను అడవులలో నుండఁగనే, 1942 ఏప్రిలు 6న జపాను నౌకావిమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. చచ్చినవారు కొలఁదిమందియే, కాని జనులు భయపడి లోపలి గ్రామములకుఁ దరలిపోయిరి. రంగము విడిచి యిల్లు చేరవచ్చినవానికి ఇంటియొద్ద పట్టణమే ఖాళీయగుచుండెను. పేలని జపాను బాంబొకటి విశాఖ ప్రదర్శనశాలలో నుంపఁబడినది. మన తీరమునకు జపాను యుద్ధమనఁగా నా బాంబే గుఱుతు. నిజమున మన తీరము పోఁగొట్టుకొన్నది సముద్రమున కావలనే పోఁగొట్టుకొన్నది.

ఆ దొరతనము నడచిన తీరు

జపానువారు తమ సామ్రాజ్యమును సామ్రాజ్యమని పిలువలేదు. మహా ప్రాచ్య ఆసియా సహసమృద్ధి మండలమని పిలిచిరి. 1943 ఆగష్టు 1న బర్మాకు స్వాతంత్ర్యమిచ్చితిమని ప్రకటించి, బా మా యను న్యాయవాదిని దేశాధినేతగా నిలిపిరి. ఆయన ధరించిన బిరుదు "అధిపతి". మన సంస్కృతశబ్దమే పాలిభాష మూలమున బర్మాకుఁ బోయినది. బిరుదు అధిపతి, అధికారము సైన్యాధికారిది. నోట్లు జపాను సేన అచ్చువేసినవి; వెనుక బంగారమును లేదు, సరకును లేదు. యుద్ధమునకుఁ బూర్వము ఏఁటేఁట సుమారు 30 లక్షల టన్నుల బియ్యమును ఎగుమతి చేసిన దేశమునకు ఓడలు లేవాయెను. మోయు కోరంగి లేఁడు, కొను దేశము లేదు. ధాన్యము గాదెలలోఁ గుళ్లెను. సాగుబడి సుమారు సగమునకుఁ దగ్గెను. అదే కాలమున, 1943లో, బర్మా బియ్యము రాకపోవుట యొక కారణముగా బెంగాలున కఱవు వచ్చి లక్షలమంది చచ్చిరి. ఒక తీరమున ధాన్యము కుళ్లుటయు, ఎదుటి తీరమున మనుష్యులు మాఁడుటయు ఒకే యుద్ధపు పనులు.

బియ్యము కదలకున్నను సేన కదలవలెను. అందులకై సయాములోని బాన్ పాంగ్ ప్రాంతమునుండి బర్మాలోని థన్‌బ్యూజయాత్ వఱకు 415 కిలోమీటర్ల రైలుదారిని అడవులగుండ వేయఁ బూనిరి. 1942 నడుమ మొదలైన పని 1943 అక్టోబరు 17న ముగిసెను. సుమారు 60,000 మంది యుద్ధఖైదీలును, 2 లక్షలకు తక్కువగాని ఆసియా కూలీలును ఈ పనిలోఁ బెట్టఁబడిరి. బర్మీయ కూలీలకు చెమటదండని పేరు. మలయానుండి 75,000కు మించినవారు తేఁబడిరి. అందుఁ బెక్కుమంది రబ్బరు తోఁటల దక్షిణభారతీయులు. తమిళులతోఁ గలసి తెలుఁగువారును. మూఁడు నెలల పని యని చెప్పి కొనిపోయిరి. 1943 వానలలో కలరా వ్యాపించెను. ఖైదీలలో వైద్యులును, సైన్యపు కట్టుబాటును ఉండెను. తోఁట కూలీలకు రెండును లేవు. ఖైదీలలో చచ్చినవారు 12,000కుఁ బైగా. ఆసియా కూలీలలో 90,000 వఱకు ననియు, అంతకంటె నెక్కువ యనియు అంచనాలు. కూలిగుడిసెలనుండి తప్పించుకొనుటకై ఆజాద్ హింద్ సేనలోఁ జేరిన తోఁట కూలీలును గలరని చరిత్రకారులు వ్రాసిరి. ఇచ్చట మన రెండు కథలును ఒక్కటియైనవి: ఒకనికి ఆ సేన దేశభక్తి, వేఱొకనికి ప్రాణరక్ష, మఱికొందఱికి రెండును.

నేఁడు కాంచనబురిలోని యుద్ధశ్మశానమున దాదాపు 7,000 సమాధులును, థన్‌బ్యూజయాత్‌లో 3,700కు మించిన సమాధులును గలవు. అవి యుద్ధఖైదీలవి, చాలవానిపై పేరు, దళము, వయస్సు చెక్కఁబడినవి. కూలివానికి అట్టి రాయి లేదు. అతఁడు ఏ భాష మాటలాడెనో యైనఁ దెలుపు గుఱుతు లేదు. మలయా చరిత్రలందు ఈ చావులు తఱచుగా తమిళకూలీల చావులని చెప్పఁబడుచున్నవి. తమిళుల దుఃఖము తక్కువ కాదు. వారి సంఖ్యయే యెక్కువ. కాని వారి పేరిట పూడ్పఁబడిన తెలుఁగువాని నెవ్వరు వెలికిఁ దీయుదురు?

దొరతనము పోయిన పిమ్మట

1945 మార్చి 27న ఆంగ్ సాన్ సేన జపానువారిపైఁ దిరుగఁబడెను. ఆ యేఁడే జపాను పరాజయమును ఒప్పుకొనెను. మూఁడేండ్ల యేలుబడి ముగిసెను. దాని ఫలములు మాత్రము ముగియలేదు. అవి మూఁడు.

మొదటిది కూలివాని స్థానము పోవుట. ఖాళీచేసిన చోట్లు ఊరక యుండవు. 1947లో బర్మా ప్రభుత్వము వలసలపై శాసనము చేసి అనుమతి లేనిదే రారాదనెను. 1948లో పౌరసత్వశాసనము వచ్చెను. రంగము పోయివచ్చు నలవాటు తీరమున నశించెను.

రెండవది సైన్యము. స్వాతంత్ర్యమునకై జపానువారి చేత శిక్షణ పొందిన ముప్పదిమంది బర్మా యువకులలో ఆంగ్ సాన్ ఒకఁడు, నే విన్ ఒకఁడు. ఆ సేనయే స్వతంత్ర బర్మా సైన్యమునకు మూలము. 1962 మార్చి 2న నే విన్ అధికారము నాక్రమించి, వ్యాపారములను జాతీయము చేసి, 1964లో పెద్దనోట్లను రద్దుచేసెను. కొలఁది యేండ్లలో సుమారు 3 లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో మఱలి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట వారి జ్ఞాపకముగా నున్నది. 1982 శాసనము 1823కుఁ బూర్వమునుండి దేశముననున్న వంశములకే పూర్ణపౌరసత్వమును సులభము చేసెను. మోల్‌మేను ప్రాంతమున మిగిలిన తెలుఁగు కుటుంబములు తమ తాత యే యోడలో వచ్చెనో చెప్పవలసిన స్థితి కలిగెను.

మూఁడవది పరిహారము. 1952 జూన్ 9న జపానుతోఁ జేసికొన్న సంధిలో భారతదేశము పరిహారము కోరుట మానుకొనెను. ఔదార్యముతోఁ జేసిన పని, దానిని నిందింపను. 1954 నవంబరు 5న చేసికొన్న యొడంబడికచే బర్మాకు 20 కోట్ల డాలర్ల పరిహారము నిర్ణయింపఁబడెను. దానితో జలవిద్యుత్కేంద్రము మున్నగునవి నిర్మింపఁబడెను. 1967లో మలేషియాకు కొంత యీయఁబడెను. పరిహారము రాజ్యములకు వచ్చినది. కోరంగి యే రాజ్యపు లెక్కలోను లేఁడు. భారతదేశపు దృష్టిలో పరదేశమునఁ జచ్చినవాఁడు, బర్మా దృష్టిలో పరదేశి.

చేయఁదగిన పని

పైఁ జెప్పినదంతయు జపానువారిని మాత్రమే దూషించుటకుఁ గాదు. ఆంగ్లేయుఁడు తెచ్చెను, మేస్త్రి కట్టిపెట్టెను, జపానువాఁడు తఱిమి, పట్టి, పనిలోఁ జంపెను, స్వతంత్ర రాజ్యములు మఱచిపోయెను. తెలుఁగువారమైన మనమును మఱచితిమి. సఫ్రానీ చదువరి, తన కథ తాను చెప్పుకొనెను. కోరంగి వ్రాఁత నేర్వనివాఁడు; అతని కథ యెవ్వరైన అడిగి వ్రాసికొన్నఁ గాని నిలువదు.

1942లో తల్లి చంకనెక్కి కనుమలు దాఁటిన బిడ్డలు నేఁడు ఎనుబది దాఁటినవారు. వారు పోకమునుపే తీరపు జిల్లాల పాఠశాలలలోని పండితులు తమ విద్యార్థులచే ఇంటింట నాలుగు ప్రశ్నలు అడిగింపవచ్చును. రంగము పోయినవా రెవ్వరు? ఏ రేవున నోడ యెక్కిరి? మేస్త్రి పేరేమి? మఱలి రాని వారెవ్వరు? సమాధానములలోని బర్మా మాటలను, పాటలను, ఊళ్ల పేర్ల తెలుఁగు రూపములను విన్నవి విన్నట్లే వ్రాసికొనవలెను, సవరింపరాదు. అటకలమీఁద పెట్టెలలో మేస్త్రీల పద్దుపుస్తకములును, మనియార్డరు రసీదులును, ఓడ చీట్లును ఇంకను దొరకవచ్చును. హైటెక్ సిటీలోని యువకులకు కోట్ల పేర్లను క్షణమున వెదకు విద్య తెలియును. అయినను వ్రాయఁబడని పేరును ఏ యంత్రమును వెదకలేదు. ముందు దానిని ఎవ్వరో యొకరు, ఒక ముసలమ్మ ముందు కూర్చుండి, వ్రాసికొనవలెను.